రేవు పక్క ఇళ్లల్లో యుద్ధం రోజులు: మీ ఇంట్లో ఎవరికేం గుర్తుంది?

డాల్ఫిన్‌నోస్_నీడ
నిన్న యూనివర్సిటీ గ్రౌండులో నడక అయ్యాక టీ తాగుతుంటే మాటల్లో యుద్ధం సంగతి వచ్చింది. ఒకాయన తేల్చిపారేశాడు, "యుద్ధమంటే పంజాబోళ్లకి, కాశ్మీరోళ్లకి తెలియాల. మన తెలుగోళ్లకేం తెలుసు, రేడియోలో విన్నాం, అంతే." నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడ వాదించలేక ఇక్కడ రాస్తున్నా.

నేను పుట్టింది విశాఖపట్నం వన్‌టౌన్‌లో. నాన్న పోర్టులో టగ్గు మీద కళాసీ. పెళ్లయ్యాక తిరుపతి వచ్చి ఇక్కడిదాన్నే అయిపోయాను. 1971 డిసెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు, నేను ఆరో తరగతి.

యుద్ధం ఇంకా మొదలు కాకముందే, రాత్రి వెలుతురు బయటికి కనబడకుండా కిటికీ అద్దాలకు నల్ల కాగితం అంటించమని ఇంటింటికీ చెప్పి పోయారు. అమ్మ మైదా ఉడికించి బంక చేసింది. నాన్న స్టూలెక్కి అంటిస్తుంటే కింద నుంచి కాగితాలు అందించడం నా పని. వెంటిలేటరు దగ్గరికొచ్చేసరికి కాగితం అయిపోయింది. నా డ్రాయింగు పుస్తకం అట్ట చించి, దానికి లాంతరు మసి పూసి పెట్టాడు. పుస్తకం పోయిందని ఏడ్చాను. మధ్యాహ్నాలు ఆ అట్ట చిల్లుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా నేల మీద పడేది. ఆ చుక్కల మీద కాలు పెట్టకుండా గెంతడం మా ఆట. యుద్ధం అయిపోయాక కాగితం ఊడదీస్తే బంక ఊడలేదు. బ్లేడుతో గీకినా రాలేదు. ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా మా అద్దాలు అలాగే మాసిపోయి ఉన్నాయి.

3వ తేదీ రాత్రి ఇందిరాగాంధీ మాట్లాడుతుందని పెద్దాళ్లందరూ రేడియో ముందు కూర్చున్నారు. కొండ మీద లైట్‌హౌస్ దీపం ఆర్పేశారు, వీధి దీపాల్లేవు. అర్ధరాత్రి దాటిందో లేదో ఒక్కటే చప్పుడు. గూట్లో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. కొండ విరిగి పడిందేమోనని అమ్మ నన్ను పట్టుకుని మంచం కిందికి లాగేసింది. నాన్న డ్యూటీలో ఉన్నాడు. మర్నాడు పొద్దుగూకాక వచ్చాడు. ఏమైంది నాన్నా అంటే "నోరు మూసుకుని అన్నం తిను" అన్నాడు. నాన్న నన్ను కసరడం అదే మొదలు.

మద్రాసు, కాకినాడ, బందరు, ఏ రేవు ఊరి నుంచైనా వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలుంటే రాయండి. పుస్తకాల్లో దొరికేది కాదు, ఇంట్లో జరిగింది కావాలి.

గాంధీరోడ్డు_గిరి
ఆ చప్పుడు ఘాజీదే కదక్కా? పాకిస్తాన్ సబ్‌మెరైను.

డాల్ఫిన్‌నోస్_నీడ
అదే. మాకా పేరు తెలిసింది మాత్రం తర్వాత.

బెల్లంమండి_చిత్తూరు
అక్కా, కోపం చేసుకోవద్దు. చరిత్ర మీద కాస్త పిచ్చి ఉన్నోణ్ణి కాబట్టి అడగతా ఉండా. చిన్నప్పుడు విన్నదీ, పెద్దయినాక పేపర్లో చదివిందీ మనసులో కలిసిపోతాయి. చప్పుడు విన్నారు, సరే. అది ఘాజీదేనని ఎట్ల? యుద్ధం రోజుల్లో రేవు పక్కన చప్పుళ్లకు కొదవా? నేవీవాళ్లు ఆ సంగతి బయటపెట్టింది కూడా కొన్ని రోజుల తరవాతే. అది ఎట్ల మునిగిందనేదే ఇంకా తెగలే. మన నేవీ ఓడ ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలకు, అంటే నీళ్లలోపల పేలే బాంబులకు, మునిగిందని మనోళ్లంటారు, ప్రమాదవశాత్తు పేలిందని వాళ్లంటారు. ఇంత తగాదా ఉండే దాంట్లో పిల్లల జ్ఞాపకాన్ని సాక్ష్యంగా పెట్టుకోకూడదు.

మార్కెట్_మనవడు
ఎట్ల మునిగిందని అక్క అడగలేదు కదన్నా. ఇంట్లో ఏం జరిగిందని అడిగింది.

డాల్ఫిన్‌నోస్_నీడ
బెల్లంమండి తమ్ముడూ, కోపమేం లేదు, నువ్వడిగింది న్యాయమే. అయితే ఆ రాత్రి చప్పుడు మా ఇంట్లో ఒక్కరం వినలేదు. వీధి వీధంతా లేచి చీకట్లో గుమ్మాల్లో నిలబడింది. దీపం వెలిగించే ధైర్యం లేక ఒకరినొకరు పేర్లు పెట్టి పిలుచుకున్నారు. ఎవరింట్లో ఎవరున్నారో, ఎవరు రాలేదో అలా లెక్క చూసుకున్నారు. అది నేను ఏ పేపర్లోనూ చదవలేదు. నేవీవాళ్లు ఏం ఆయుధం వేశారో నాకు తెలియదని ఆ పేర్లు విన్నది అబద్ధమైపోదు కదా.

అలిపిరి_మెట్లు
నేను నేవీలో చేసి రిటైరైనోణ్ణి. 71 తరవాత చేరినా, విశాఖలో చాన్నాళ్లు ఉండా. పైవాళ్లు చెప్పేది ఏందంటే, ఘాజీ వచ్చింది మన విమాన వాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్ అప్పటికే అండమాన్ పక్కకు వెళ్లిపోయింది. అది విశాఖలోనే ఉందని శత్రువు నమ్మాలని తూర్పు కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ నాటకం నడిపించాడు. పెద్ద ఓడకు కావలసినంత సరుకు ఊళ్లో కొనిపించాడు. కాబట్టి తెలియకుండానే ఊరు కూడా అందులో పాత్ర వేసింది.

మార్కెట్_మనవడు
సార్ చెప్పింది మా ఇంటి కథే. మా అమ్మమ్మ వాళ్లది కురుపాం మార్కెట్లో కూరగాయల కొట్టు. నేవీ కాంట్రాక్టరు మనుషులొచ్చి కొట్టు ఊడ్చుకుపోయినట్టు కొనేవాళ్లట. ఇంత తిండి తినే ఓడ ఎక్కడుందో చూద్దామని మా మావయ్య రేవు వైపు వెళితే సెంట్రీ తరిమేశాడట. ఆ నెలంతా ఇంట్లో కూర మాత్రం ముదిరిపోయిన బెండకాయేనని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. మంచివన్నీ దేశానికి పోయాయని అమ్మమ్మ గర్వంగా చెప్పేది.

కపిలతీర్థం_కావ్య
ముదురు బెండకాయ త్యాగం 😄 అమ్మమ్మకు నా దండం.

జాలారిపేట_అల్లుడు
నేను పెదజాలారిపేటోణ్ణి, తిరుపతి అమ్మాయిని చేసుకుని ఇక్కడ ఉంటన్నాను. తెలుగు తప్పులుంటే సర్దుకోండి.

అప్పుడు ఫిషింగు హార్బరు లేదు, తెప్పలు ఇసకలోకి లాగీవోళ్లు. ఆ చప్పుడు మర్నాడు పొద్దున మా నాయనా, చిన్నాన్నా తెప్పేసుకుని పోతే నీళ్ల మీద నూనె తెట్టు కట్టీసి ఉంది. చెక్కలూ లైఫ్ జాకెట్లూ తేల్తన్నాయి. దొరికినయ్యి దొరికినట్టు తెచ్చి నేవీ వోళ్లకి ఇచ్చీసినారు. ఒక జాకెట్టు ఉంచీమని నేను ఏడిస్తే నాయన చెయ్యెత్తినాడు గానీ కొట్టలేదు. చెయ్యి అలాగే దించీసుకున్నాడు.

వలకి ఆ నూనె పట్టీసింది. సబ్బు పెట్టి ఉతికినా, ఎండలో ఆరేసినా వాసన పోనేదు. సానా రోజులు ఆ వలలో పడ్డ చేప నేను ముట్టుకోనేదు. అమ్మ కూడా తినమని అననేదు. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అననేదు. గంజీ ఉల్లిపాయా ఎట్టీసేది.

ఆ ఏడు గంగమ్మకి కొబ్బరికాయ కొట్టినప్పుడు మా నాన్నమ్మ మా ఇంటోళ్ల పేర్లన్నీ చెప్పి ఆఖర్న "ఆ లోపలున్న బిడ్డలు" అని కూడా చెప్పి కొట్టింది.

గాంధీరోడ్డు_గిరి
ఏందన్నా, మనల్ని ముంచడానికి వచ్చినోళ్లకు కొబ్బరికాయా?

జాలారిపేట_అల్లుడు
మా ఇంట్లో ఇద్దరు సముద్రంలో పోయినారు, శవాలు కూడా దొరకనేదు. ఆ ముసిల్దానికి అదే తెలుసు తమ్మీ.

అలిపిరి_మెట్లు
గిరీ, ఆ సబ్‌మెరైనులో 90 మందికి పైగా ఉండారు, ఒక్కరూ బతకలేదు. మునిగినోళ్ల మీద పగ మేం నేవీలో కూడా పెట్టుకోం. ఆ అవ్వ చేసింది సరైన పని.

గాంధీరోడ్డు_గిరి
సరే సార్. అడిగినా, అంతే.

పుత్తూరు_పద్మ
నాది ఇంకా పాత కథ. మా అవ్వది మద్రాసు రాయపురం. వయసు తొంభై దాటింది, చెవులు సరిగా వినపడవు గానీ జ్ఞాపకం గట్టిది. రాత్రి ఈ పోస్టులన్నీ గట్టిగా చదివి వినిపించినా. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తా ఉండా.

అవ్వ నాయన మద్రాసు హార్బర్‌లో సరుకు ఎత్తే కూలీల మేస్త్రీ. 1942 ఏప్రిల్లో జపానోళ్లు వస్తా ఉండారని ఊరు ఊరంతా లేచింది. అవసరం లేనోళ్లు పట్నం వదిలి పొమ్మని గవర్నమెంటే చెప్పింది. పడుచువాళ్లు ఇంకా పోదామా వద్దా అనుకుంటా ఉంటే అవ్వ వాళ్ల జేజి అప్పటికే మూట కట్టేసిందంట. ఎందుకంటే 1914 సెప్టెంబరులో జర్మనీ ఓడ ఎమ్డన్ వచ్చి రాత్రిపూట గుండ్లు పేలిస్తే హార్బర్ దగ్గర బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబడింది ఆమె కళ్లారా చూసింది. "సముద్రం పక్కనుంచి వచ్చే చావుకు తలుపు తట్టే అలవాటు లేదు" అనేదంట.

సెంట్రల్ స్టేషన్లో కాలు పెట్టడానికి సందు లేదు. అవ్వను కిటికీలోంచి లోపలికి తోశారు. స్టేషన్ పక్క పార్కులో జంతువుల్ని, బాంబు పడితే తప్పించుకుని ఊరి మీద పడతాయని, పోలీసులు కాల్చేశారని పెట్టెలో ఎవరో చెప్పినారు. పులీ సింహమూ పోయినాయని విని అవ్వ ఏడుపు అందుకుంది. పోయిన నెలే వాళ్ల నాయన భుజం మీద కూర్చోబెట్టుకుని చూపించిండాడు. జపానోళ్లంటే ఆమెకు భయం లేదు, వాళ్లను చూడలేదు కదా. సింహాన్ని చూసింది.

పుత్తూరులో దిగి బండి కట్టుకుని చుట్టాల పల్లెకు పోయినారు. పొద్దున లేస్తానే అవ్వ అడిగిందంట, "ఇక్కడ సముద్రం ఏ పక్క?" పల్లె పిల్లోళ్లు పడీపడీ నవ్వినారు. రాత్రిపూట దూరంగా గూడ్సు బండి కూస్తే సైరన్ అనుకుని ఈమె మంచం కిందికి దూరేది. దానికీ నవ్వేవాళ్లు. రంగూన్ బియ్యం తిని పెరిగిన పిల్ల. బర్మా జపానోళ్ల చేతికి పొయ్యేటప్పటికి ఆ బియ్యం రావడం ఆగిపోయింది. పల్లెలో రాగి సంగటి పెడితే గొంతు దిగక రెండు రోజులు అలిగిందంట. ఇప్పుడు సంగటి లేకుంటే మా మీద అలుగుతాది.

వాళ్ల నాయన మాత్రం రాలేదు. హార్బర్ పని వదిలే వీల్లేదు. మనియార్డరు వచ్చిన దినం వాళ్లమ్మ ఆ కాగితం మీద సంతకాన్నే చూస్తా కూర్చునేదంట. చదవడం రాదు. సంతకం అదే వంకర ఉంటే మనిషి బాగుండాడని లెక్క.

డాల్ఫిన్‌నోస్_నీడ
పద్మా, నేను అడిగింది ఇదేనమ్మా. ఆ సంతకం సంగతి చదివి చాలాసేపు ఇంకేం చదవలేకపోయాను.

రేణిగుంట_రైలు
మా జేజినాయన రేణిగుంటలో రైల్వేలో పని. ఆ ఏప్రిల్లో మద్రాసు నుంచి వచ్చే బండ్లు పైకప్పు మీద కూడా మనుషులతో వచ్చేవని చెప్తా ఉండె. ప్లాట్‌ఫారం మీదే పొయ్యిలు పెట్టుకుని వండుకున్నారంట. పిల్లోళ్లకు మజ్జిగ పొయ్యమని మా జేజిని స్టేషన్‌కు పంపించేవాడంట.

సన్నిధివీధి_సుబ్బు
మజ్జిగ పోసినోళ్లు ఉండారు, కాదనను. కానీ అందరూ ఆదరించేసినారని రాసుకోవద్దండి. తిరుపతిలో మా ఇల్లు పాత మిద్దె. 1942లో పైన రెండు గదులు మద్రాసు కుటుంబానికి ఇచ్చినారు. ముందు ఉండిన బాడుగకు రెండింతలు తీసుకున్నారు. బావిలో నీళ్లు చేదుకునేదానికి కూడా వేళ పెట్టినారంట, వాళ్లు మావాళ్లు వాడినాకనే వాడుకోవాల. ఆ కుటుంబంలో పిల్లోడు హార్బర్‌లో చూసిన ఓడల బొమ్మలు మా మిద్దె గోడ మీద బొగ్గుతో గీసినాడు. మా జేజి తిట్టి సున్నం కొట్టించింది. పెద్దయినాక ఆమే చెప్పి బాధపడేది, "ఆ బిడ్డకు గోడ ఒక్కటే ఉండె, అదీ తుడిపేస్తిని" అని. మంచిది మాత్రం రాసుకుంటే ఆ పిల్లోడికి అన్యాయం చేసినట్టు.

కపిలతీర్థం_కావ్య
సుబ్బన్నా, మంచి పని చేశారు ఇది రాసి. అప్పట్లో కొండకు ఎట్ల పొయ్యేవాళ్లు? ఘాట్ రోడ్డు ఉండెనా?

సన్నిధివీధి_సుబ్బు
లేదు, ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. అంతకుముందు నడకే, కాకుంటే డోలీ. ఆ మద్రాసు కుటుంబం పిల్లోళ్లతో సహా నడిచి ఎక్కిందంట. హార్బర్‌లో ఉండిపోయిన ఇంటాయన కోసం మొక్కు.

బెల్లంమండి_చిత్తూరు
తేదీలు నేను కలిపి పెడతా, అందరికీ పనికొస్తాయి. 1942 ఏప్రిల్ 5న కొలంబో మీద జపాన్ విమానాలు బాంబులేసినాయి. ఆ మర్నాడే, 6వ తేదీన, ర్యూజో అనే విమాన వాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడ మీదికి వచ్చినాయి. 9న సిలోన్‌లోనే ఇంకో రేవు, ట్రింకోమలీ. నాలుగైదు దినాల్లో ఇంత జరిగితే మద్రాసు ఖాళీ కాకుండా ఎట్ల ఉంటాది? పద్మ వాళ్ల అవ్వ చెప్పిన నెల సరిగ్గా సరిపోయింది. విశాఖలో పడిన జపాన్ బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో పెట్టిండారు, పోయినోళ్లు చూడండి. తెలుగోళ్లకు యుద్ధం తెలీదనే పెద్దమనిషిని ముందు దాని ముందర నిలబెట్టాల.

డాల్ఫిన్‌నోస్_నీడ
తమ్ముడు మన పక్షానికి వచ్చేశాడు!

బెల్లంమండి_చిత్తూరు
పక్షం కాదక్కా, తేదీల పక్షం. సుబ్బన్న జేజి మాట, పద్మ అవ్వ సంతకం మాట ఏ రికార్డులోనూ దొరకవు, అది ఒప్పుకుంటా. కానీ వాటి పక్కన తేదీ లేకుంటే ఇంకో తరానికి అవి కట్టుకథలైపోతాయి. అందుకే రెండూ కావాలంటా ఉండా.

కాకినాడ_కోడలు
మా అత్తగారి అమ్మకి ఆ 6వ తేదీ గుర్తే. అప్పట్లో కాకినాడలో ఓడలు ఒడ్డుకి వచ్చేవి కావండి, లోతు లేక దూరంగా లంగరేసుకునేవి. సరుకు పడవల్లో తెచ్చేవారు. వాళ్ల నాన్నది అలాంటి పడవ. చప్పుడు వినగానే ఏప్రిల్లో ఉరుమేంటని ఆకాశం చూశారట. తర్వాత పొగ కనబడింది. పెద్దాపురం దాకా ఎడ్లబండి మీద వెళ్లారు. దారిలో ఈవిడకి దాహమేస్తే ఎవరూ బండి ఆపలేదట. అదొక్కటే ఆవిడకి బాగా గుర్తు. ఎవరు చచ్చారు, ఏ ఓడ మునిగింది, ఏదీ తెలీదు. దాహం గుర్తు.

డాల్ఫిన్‌నోస్_నీడ
ఇది చదివాక మా మామ్మ సంగతి రాయాలి. 42లో బాంబులు పడ్డాక విశాఖ వన్‌టౌన్ సగం ఖాళీ అయ్యింది. మామ్మ వాళ్లు విజయనగరం పక్క పల్లెకి పోయారు. తిరిగొచ్చేసరికి ఇంట్లో ఇత్తడి గిన్నెలు లేవు, తలుపు రెక్క కూడా లేదు. అందుకే 71లో అందరూ పిల్లల్ని ఊళ్లకు పంపేస్తుంటే మామ్మ కదలనంది. "అప్పుడు పారిపోయి ఏం బావుకున్నాం? జపానోడు ఒక్క గిన్నె ముట్టలేదు, ఎత్తుకుపోయింది మనోళ్లే" అని గుమ్మంలో మంచం వేసుకుని పడుకుంది. మా రేవు ఎదురుగా మూడు కొండలున్నాయి, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి. పొద్దున్నే మూడింటికీ దణ్ణం పెట్టేది. ఎవరి డ్యూటీ ఎప్పుడో మనకేం తెలుసు, ముగ్గురికీ చెప్పి ఉంచడం మంచిది అనేది.

కపిలతీర్థం_కావ్య
ముగ్గురికీ షిఫ్టులు వేసింది మామ్మ 😄

మార్కెట్_మనవడు
స్కూల్లో ట్రెంచి తవ్వారా అక్కా మీకు? మా అమ్మ వాళ్లకు తవ్వారట.

డాల్ఫిన్‌నోస్_నీడ
తవ్వారు. సైరన్ మోగితే పళ్ల మధ్య రుమాలు పెట్టుకుని, చెవులు మూసుకుని అందులో బోర్లా పడుకోవాలి. రుమాలు లేనివాళ్లని టీచరు నిలబెట్టేది. బాంబు కంటే రుమాలు మర్చిపోవడం అంటేనే మాకు హడలు. యుద్ధం అయ్యాక ఆ గొయ్యి ఎవరూ పూడ్చలేదు. వానాకాలం నీళ్లు నిలిచి కప్పలు చేరాయి, మా సైన్సు టీచరుకి పనికొచ్చాయి.

గాంధీరోడ్డు_గిరి
పద్మా, ఇంకొకటి అడుగమ్మా అవ్వను. 1943 అక్టోబరులో మద్రాసు హార్బర్ మీద నిజంగానే జపాన్ విమానం బాంబులేసింది కదా. అప్పుడు వాళ్ల నాయన అక్కడే ఉండెనా?

జాలారిపేట_అల్లుడు
అవ్వని "ఏమైంది" అని అడగకు అమ్మీ. ఏటి తిన్నారు, ఎక్కడ తొంగున్నారు, ఎవరు పక్కనున్నారు అని అడుగు. మా నాన్నమ్మ దగ్గిర నేను అలాగే రాబట్టినాను.

పుత్తూరు_పద్మ
అడిగినా. అప్పటికి అవ్వ వాళ్లు రాయపురం వెనక్కి వచ్చేసిండారు. రెండు కాపురాలకు నాయన జీతం చాలలేదు, చుట్టాల ఇంట్లో మాటలు మొదలైనాయి. బాంబు పడిన రాత్రి నాయన పనిలో లేడు, ఇంట్లోనే ఉండాడు. సైరన్ మోగితే అందరూ వంటింట్లో, అటక కింద గోడకు ఆనుకుని కూర్చున్నారు. తినింది మధ్యాహ్నం సద్ది, మాగాయ ముక్క. పక్కన పొరుగింటి బాలింత, మూడో నెల బిడ్డ. బిడ్డ ఏడిస్తే విమానానికి వినపడతాదని ఎవరో అంటే ఆ తల్లి బిడ్డ నోరు చేత్తో మూసింది. అవ్వ వాళ్ల నాయన ఆ చెయ్యి తీసేసి, "ఏడవనీమ్మా, అంత పైకి వినపడదు" అన్నాడంట.

హార్బర్‌లో నష్టం కొంచెమే. ఊళ్లో పుకారు మాత్రం కొండంత. మళ్లీ పుత్తూరు పోదామని ఇరుగుపొరుగు మూటలు కడితే వాళ్లమ్మ కదలలేదు. "సంతకం చూసుకుంటా బతకడం నా వల్ల కాదు" అనేసిందంట.

కాకినాడ_కోడలు
మరి అవ్వగారు పుత్తూరులో ఎలా స్థిరపడ్డారు?

పుత్తూరు_పద్మ
పెళ్లి చేసుకుని. సముద్రం ఏ పక్క అంటే నవ్విన పిల్లోళ్లలో మా తాత ఒకడు. జీవితాంతం ఆ నవ్వుకు వడ్డీ కట్టించుకుంది.

బెల్లంమండి_చిత్తూరు
😄 పద్మా, అవ్వ ఒప్పుకుంటే ఆదివారం చిత్తూరు నుంచి నేనొస్తా. ఫోన్‌లో రికార్డు చేసుకుందాం. ఎమ్డన్ గురించి వాళ్ల జేజి ఇంకేం చెప్పిందో అది ముందు అడగాల, 1914 చూసినోళ్ల మాట విన్న మనిషి ఇంక దొరకరు.

పుత్తూరు_పద్మ
రండన్నా. పొద్దున పదింటికి అయితే ఓపికగా మాట్లాడతాది. గట్టిగా, ఎడమ చెవి పక్కన మాట్లాడాల.

జాలారిపేట_అల్లుడు
నేనూ వస్తాను. మా నాయనకి ఫోన్ కలిపి అవ్వతో మాట్లాడిస్తాను. ఆయనకీ వినపడదు, మనం మధ్యలో ఉండి అరవాలి.

డాల్ఫిన్‌నోస్_నీడ
నాకూ ఒక సీటు ఉంచండి. తిరుపతి నుంచి బయల్దేరేవాళ్లు ఎనిమిదిన్నరకి బస్టాండు దగ్గర కలుద్దాం. సుబ్బు తమ్ముడూ, నువ్వు తప్పకుండా రావాలి. ఆ ఓడల బొమ్మలు గీసిన అబ్బాయి ఇంటిపేరు మీ వాళ్లెవరికైనా గుర్తుందేమో ఈలోపు అడిగి చూడు.